కాక తెంపిన కొమ్మ

కాక పోయాడన్న కబురు నాకు పరీక్ష హాలు గుమ్మంలో తెలిసింది. జనగామలో నేను పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీలో ఆ రోజు సెమిస్టర్ పరీక్ష. ప్రశ్నపత్రాల కట్ట చంకలో పెట్టుకొని ఫోను ఆపేయబోతుంటే మోగింది. కాక కూతురు. హనుమకొండలో ఒక దవాఖానలో నర్సుగా చేస్తున్న పిల్ల. "నాయిన పోయిండన్నా. పొద్దుగాల, నిద్రలనే," అన్నది. నాలుగింటికి తీసుకుపోతారని చెప్పి పెట్టేసింది. ఇంకా ఎంతమందికి చెప్పాల్సి ఉందో.

నా బదులు హాల్లో ఉండటానికి ఎవరైనా ఉన్నారా అని ప్రిన్సిపాల్‌ను అడిగాను. ఇద్దరు సెలవులో ఉన్నారు. పన్నెండు దాకా ఆగక తప్పదన్నారు. ఆ మూడు గంటలూ నేను కుర్చీలో కూర్చోలేదు. బెంచీల మధ్య ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతూనే ఉన్నాను. చివరి బెంచీలోని అమ్మాయి తలెత్తి, "సార్, మీరు జర నిలవడుండ్రి. తిరుగుతాంటే రాయనీకి వస్తలేదు," అని మెల్లగా అన్నది. కిటికీ పక్కన నిలబడ్డాను. కాళ్లు మాత్రం నిలవలేదు. పన్నెండు కొట్టగానే పేపర్లు లెక్కపెట్టి అప్పజెప్పి, వరంగల్ బస్సు ఎక్కాను. సీటు దొరికింది గానీ కాజీపేట దాకా నిలబడే వచ్చాను.

కాక నాకు చుట్టం కాడు. హనుమకొండ దాటాక వందల ఎకరాల్లో పరుచుకున్న మా యూనివర్సిటీలో, వృక్షశాస్త్ర విభాగంలో అటెండరు. విభాగాధిపతి నుంచి నిన్నగాక మొన్న చేరిన పిల్లల దాకా అందరూ ఆయన్ను కాకా అనే పిలిచేవాళ్లు. చదువు అయిదో తరగతి. తెలుగు కూడబలుక్కొని చదివేవాడు, ఇంగ్లీషు అక్షరం తెలియదు. కానీ క్యాంపస్‌లో మొలిచిన మొక్క ఏదైనా సరే, ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, అది ఏమిటో, ఏ నెలలో పూస్తుందో, మేకలు తింటాయో తినవో చెప్పేవాడు. శాస్త్రీయ నామాలు కూడా పలికేవాడు. ఆచార్యుల నోట విని విని పట్టుకున్నవి. లాటిన్ మాటలు ఆయన నోట్లో మా వరంగల్ యాసలోకి దిగి, మా ఇంటి పక్కవాళ్ల పేర్లలాగా వినిపించేవి.

కూర్చునే మనిషి కాదు. లాబ్‌లో స్టూళ్లు బోలెడు ఉన్నా అన్నం డబ్బా కిటికీ గట్టు మీద పెట్టుకొని నిలబడే తినేవాడు. టీ గ్లాసు పట్టుకొని వరండా ఈ చివర మొదలుపెడితే ఆ చివరకు పోయేసరికి అయిపోయేది. ఎందుకు కాకా అట్లా తిరుగుతావని అడిగితే ఒకటే మాట: "కూసున్నోని కాడికి మొక్క నడిచి రాదు."

ఇది పదేళ్ల కిందటి సంగతి. అప్పుడు నాకు ఆ మాట నచ్చలేదు. ఆ క్యాంపసే నచ్చలేదు. వరంగల్ మట్టెవాడలో మాది స్టీలు సామాన్ల దుకాణం. నేను డాక్టర్ని అవుతానని మా బాపు దుకాణానికి వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పుకున్నాడు. రెండుసార్లు రాశాను, రెండుసార్లూ సీటు రాలేదు. బీఎస్సీ చేశాను. ఆ తర్వాత పీజీ ఎంట్రన్స్‌లో వచ్చిన ర్యాంకుకు ఏది దొరికితే అందులో చేరాను. అది బాటనీ. ఇల్లు ఏడెనిమిది కిలోమీటర్ల దూరమే అయినా హాస్టల్లో ఉంటానని పట్టుబట్టాను. గిరాకీలు "ఏమాయె డాక్టర్ సాబ్" అని పలకరించే ఆ దుకాణం ముందు నుంచి రోజూ పోలేక.

హాస్టల్లో చేరాక అర్థమైంది, అక్కడ నేనొక్కణ్ణే కాదు, అందరూ ఎక్కడికో పోవడానికే వచ్చినవాళ్లని. ఎమ్మే తెలుగు వాడి మంచం మీద గ్రూప్స్ పుస్తకాలు. కెమిస్ట్రీ వాడి గోడ మీద ఎస్సై పరీక్షకు పరుగు టైములు. ఏదో నోటిఫికేషన్ వస్తుందని ఎవరో అంటే చాలు, వరండా అంతా చెప్పుల చప్పుడు. రాలేదని తెలిస్తే మళ్లీ ఎవరి గదిలోకి వాళ్లు. లైబ్రరీ రీడింగ్ హాల్లో పొద్దున ఎనిమిదికే కుర్చీలు నిండేవి. ఒక్కడి ముందూ వాడి సబ్జెక్టు పుస్తకం ఉండేది కాదు. నేనూ అంతే. క్లాసులో కూర్చుంటే లైబ్రరీకి పోవాలనిపించేది, లైబ్రరీలో ఉంటే గదికి, గదికి వస్తే బస్టాండుకు.

ఎమ్మెస్సీ మొదటి ఏడు హెర్బేరియం పెట్టాలి. అంటే యాభై రకాల మొక్కలు సొంతంగా సేకరించి, కాగితాల మధ్య అదిమి ఎండబెట్టి, అట్ట కాగితాల మీద అతికించి, ఎక్కడ ఎప్పుడు తెచ్చామో కింద చీటీ రాసి ఇవ్వాలి. నేను ఒక్క మొక్క కూడా తేలేదు. మా గదిలో అంతకుముందు ఉండి వెళ్లిపోయిన సీనియర్ కట్ట ఒకటి మంచం కింద దొరికింది. తడి దూదితో పాత చీటీలు ఊడదీసి, నా పేరుతో కొత్తవి రాసి అతికించాను. తేదీలు క్యాలెండర్ చూసి నింపాను. యాభైకి యాభై. మా ప్రొఫెసర్ సార్ టేబుల్ మీద పెట్టి, పీడ వదిలిందనుకున్నాను.

పురుగు పట్టకుండా మందు కొట్టి ఆ షీట్లు బీరువాల్లో సర్దడం కాక పని. నాలుగో రోజు నన్ను లాబ్‌లోకి పిలిచాడు. నా కట్ట విప్పి ఉంది. పైన తుత్తురుబెండ కొమ్మ.

"ఈ కొమ్మ నేను తెంపింది," అన్నాడు.

ఆకు మీద ఒక చోట వేలు పెట్టాడు. పురుగు తిన్న చిల్లు. రెండేళ్ల కింద నీళ్ల ట్యాంకు వెనుక మొలిచిన చెట్టు అని, దానికి మంచి ఆకులు ఉన్నా అప్పుడు తనతో వచ్చిన పిల్లగాడు ఇదే కావాలన్నాడని, అందుకే గుర్తుందని చెప్పాడు. తర్వాత షీట్లన్నీ మళ్లీ కట్టి బీరువా కింది అరలో పెట్టి తాళం వేశాడు.

"సార్‌కు చెప్పలే ఇంకా. రేపు ఆరు గొట్టంగ గార్డెన్ గేటు కాడ ఉండు. రాకపోతే చెప్త."

ఆ రాత్రి నేను ఆయన్ను తిట్టని తిట్టు లేదు. అయినా పొద్దున్నే పోయాను. గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, చంకలో పాత పేపర్ల కట్ట, చొక్కా జేబులో కాగితంలో చుట్టిన చిన్న కత్తి. నన్ను చూసి నడక మొదలుపెట్టాడు. అట్లా వానలు మొదలైనప్పటి నుంచి చలి దిగేదాకా, వారంలో మూడు నాలుగు పొద్దులు, ఆయన వెనుక నడిచాను. హాస్టళ్ల వెనుక మురుగునీటి మోరీ గట్టు, క్వార్టర్ల మధ్య ఖాళీగా పడావు పడ్డ జాగ, గ్రౌండు అవతల తుమ్మలు, గోడ పొడుగునా ముళ్ల కంప. నేను ఉంటున్న క్యాంపస్‌లోనే ఇంత జాగా ఉందని నాకు తెలియదు.

మొదట్లో నేను ముందుకు ఉరికేవాణ్ణి. యాభై అయిపోతే చాలు. ఆయన ఆగేవాడు. గడ్డి చామంతి, ఉత్తరేణి, పల్లేరు, నేను రోజూ తొక్కుకుంటూ తిరిగినవే ఒక్కొక్కటీ వంగి చూపించి, పేరు నాచేత అనిపించేవాడు. ఒకసారి విసుగొచ్చి, ఈ పిచ్చిమొక్క పేరు తెలిసి ఏం లాభం కాకా అన్నాను. "పేరు ఎరికైనంక తొక్కబుద్ధి గాదు," అన్నాడు. లాభం గురించి మాత్రం ఏమీ చెప్పలేదు.

నా లోపలి గాబరా ఆగిందని చెప్పను. ఇప్పటికీ ఆగలేదు. దానికి నడవడానికి ఒక దారి దొరికింది, అంతే. చలికాలం వచ్చేసరికి నా సొంత యాభై షీట్లు తయారయ్యాయి. కాక వాటిని బీరువాలో పెట్టి, పాత కట్టను నా చేతికిచ్చి, ఎవరిదో వాళ్లకు పంపమన్నాడు. సార్‌కు ఈ సంగతి ఎన్నడూ తెలియలేదు.

రెండో ఏడు ప్రాజెక్టుకు క్యాంపస్ మొక్కల జాబితానే తీసుకున్నాను. నాకై నేను అడిగి తీసుకున్నాను. ఆ వానాకాలం, బతుకమ్మ పండుగకు ఇంకా పది పన్నెండు రోజులు ఉందనగా, కాక నన్ను క్యాంపస్ వెనుక వైపు బండ దగ్గరికి తీసుకుపోయాడు. యూనివర్సిటీ రాకముందు, చిన్నతనంలో ఆయన మేకలు మేపిన జాగ అది. బండ మీది నుంచి నీళ్లు ఊటగా దిగి కింద ఇసుక తడిగా ఉంది. ఆయన చెప్పులు విడిచి, గొంతుక్కూర్చున్నాడు. ఆయన కూర్చోగా చూడటం నాకదే మొదటిసారి. ఇసుకలో రూపాయి బిళ్లంత ఎర్రటి మొక్కలు, నేలకు అంటుకొని. ప్రతి ఆకు మీద సన్నటి వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసన ఒక జిగురు బిందువు. ఒక ఆకు మీద దోమంత పురుగు ఇరుక్కొని కొట్టుకుంటోంది. పురుగులను పట్టి తినే మొక్క. పుస్తకంలో బొమ్మ చూశాను గానీ, మా క్యాంపస్ మొక్కల రికార్డుల్లో ఎక్కడా లేదు.

చిన్నప్పుడు వాటిని మంచుబొట్లు అనేవాళ్లమని కాక చెప్పాడు. మరి ఇన్నేళ్లూ సార్లకు ఎందుకు చూపించలేదని అడిగితే, ఇక్కడిదాకా నడిచి వచ్చినవాడు ఎవడూ లేడన్నాడు.

సార్ సంతోషం ఇంతా అంతా కాదు. సెమినార్ పెట్టించారు. నేను అరగంట ఇంగ్లీషులో మాట్లాడాను. నేను కనుగొన్నాను, నేను గమనించాను, నేను సేకరించాను. కాక వెనుక కర్టెన్ల దగ్గర నిలబడి విన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదని నాకు తెలుసు. ఆ ఎర్ర మొక్కను అతికించిన షీటు కింద చీటీ మీద సేకరించినవారు అన్న చోట నా ఒక్క పేరే రాశాను. అటెండరు చూపించాడంటే నా పనికి విలువ తగ్గుతుందేమోనని భయం. జీవితంలో మొదటిసారి ఒకటి నాదని చెప్పుకునే అవకాశం వచ్చింది. దాన్ని ఎవరితోనూ పంచుకోలేకపోయాను.

బైండింగ్ అయి వచ్చిన నా ప్రాజెక్టు పుస్తకాన్ని కాక చేతులు కడుక్కొని వచ్చి పట్టుకున్నాడు. కాసేపు తిప్పి చూసి, "నా పేరు యాడున్నది, జర సూపెట్టు," అన్నాడు.

కృతజ్ఞతల పేజీ తీశాను. అందులో ప్రయోగశాల సిబ్బంది సహకారానికి ధన్యవాదాలు అని ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. దాని మీద వేలు పెట్టి, ఇదిగో ఇక్కడ అన్నాను. ఆయన ఆ వాక్యం మొదటి నుంచి చివరి దాకా తన వేలితో మెల్లగా గీసుకుంటూ పోయాడు.

"ఇంగ్లీషుల నా పేరు గింత పొడుగుంటదా," అని నవ్వాడు.

ఒక కాపీ కావాలని అడిగి తీసుకున్నాడు. నేను ఇచ్చాను.

ఆ తర్వాత నా బతుకు గడిచింది. ఉద్యోగం ఇంటర్వ్యూలో వాళ్లు అడిగింది ఆ ఎర్ర మొక్క గురించే. బాగా చెప్పాను. ఉద్యోగం వచ్చింది. కాక రిటైరయ్యాడని విన్నాను. హనుమకొండకు పోయినప్పుడల్లా వాళ్లింటికి పోవాలనుకునేవాణ్ణి, ఆటో ఎక్కేవాణ్ణి, మధ్యలో దిగి వేరే పని చూసుకొని వచ్చేసేవాణ్ణి. ఎక్కడా పది నిమిషాలు నిమ్మళంగా ఉండలేని మనిషినని మా ఆవిడ అంటుంది. ఎందుకో ఆమెకు చెప్పలేదు.

పోయినేడు నా విద్యార్థిని ఒకామె హెర్బేరియం షీటు మీద, సేకరించినవారు అన్న చోట తన పేరు రాసి, పక్కనే "మా అమ్మమ్మ" అని రాసింది. అట్లా రాయకూడదేమో సార్, కొట్టేయనా అని అడిగింది. వద్దన్నాను. ఆ ఆదివారం ఆటో మధ్యలో దిగలేదు.

కాక ఇంటి ముందు చిన్న జాగలో నడుస్తూ కనిపించాడు. బాగా చిక్కిపోయాడు. కూర్చోమన్నాడు. నేను నిలబడే అంతా చెప్పేశాను. సెమినార్, చీటీ, పుస్తకంలో ఆ వాక్యం. ఆయన చివరి దాకా విన్నాడు.

"ఎరికే," అన్నాడు. "ఆ దినం ఇంటికి రాంగనె బిడ్డతోని సదివిపిచ్చుకున్న. నీ పేరు లేదు నాయినా అన్నది. అప్పుడు అది పదో తరగతి. బాగ కోపానికొచ్చింది. నాకు కోపం రాలేదంటె అవద్ధం."

మరి నన్ను ఎందుకు అడగలేదు కాకా అన్నాను.

"మొదటిసారి అవద్ధమాడితె తోలుకపోయి తిప్పిన. రెండోసారి యాడికి తోలుకపోవాలె నిన్ను?"

లోపలి నుంచి కూతురు మంచినీళ్లు తెచ్చి, నా ముఖం చూడకుండా ఇచ్చి వెళ్లింది. ఆ షీటు మీద పేరు చేర్పిస్తానని చెప్పాను. వద్దంటాడనుకున్నాను. అనలేదు. "రాస్తె తెలుగుల రాయి. నేను సదువుకోవాలె గద," అన్నాడు.

మరునాడే యూనివర్సిటీకి పోయాను. అప్పటి సార్ ఇప్పుడు లేరు. విభాగాన్ని చూసుకుంటున్న మేడం శ్రద్ధగా విన్నారు. పాత చీటీ మార్చడానికి లేదు గానీ, దాని పక్కన సవరణ చీటీ ఒకటి అతికించవచ్చని, తెలుగులో రాయొద్దని ఎక్కడా లేదని అన్నారు. కానీ హెర్బేరియం గది కప్పు కురుస్తుందని మరమ్మతు పెట్టారు. బీరువాలన్నీ ఇంకో హాల్లోకి మార్చి, తాళాలు వేసి, టార్పాలిన్ పట్టాలు కప్పి ఉంచారు. నెల రోజులు ఆగమన్నారు. నెల మూడు నెలలైంది. నేను వారం వారం ఫోను చేసేవాణ్ణి. మేడం ఓపికగా, ఇంకా కాలేదండీ అనేవారు.

ఈ లోపల కాక మంచం పట్టాడు. ఊపిరి అందేది కాదు. ఎండాకాలంలో చూడబోతే పడుకొని ఉన్నాడు, దుప్పటి కింద రెండు పాదాలూ మాత్రం ఒకదాని తర్వాత ఒకటి కదులుతున్నాయి. దినమంతా గిట్లనే అన్నా అన్నది కూతురు. చీటీ సంగతి వచ్చే వారం అయిపోతుంది కాకా అన్నాను. ఆ మాట నేను అప్పటికి ఎన్నిసార్లు అన్నానో. ఆయన బండ కింద మంచుబొట్లు ఉన్నాయా, చూసి రమ్మన్నాడు. పోయి చూసి వచ్చాను. ఎండకు ఇసుక తెల్లగా పొరలు లేచింది. ఒక్కటి కూడా లేదు.

"ఏం లేవు కాకా. అంత ఎండిపోయింది."

"ఇత్తు ఉంటది లోపట," అన్నాడు. తర్వాత నన్ను కొంచెంసేపు చూసి, "నీకు ఫికరెక్కువ. నడువు, తగ్గుతది," అన్నాడు. నేను ఆయన నోట విన్న చివరి మాట అదే.

అంత్యక్రియలకు నేను వేళకు చేరుకున్నాను. మా ముందు బ్యాచుల వాళ్లు, మా తర్వాతి వాళ్లు ఇరవై ముప్పై మంది వచ్చారు. ఒకాయన ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగి, ఇంకొకతను ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారం చేస్తున్నాడు. ఎవరి జ్ఞాపకం వాళ్లు చెప్పుకున్నారు. నేను నాది చెప్పలేదు. కొడుకులు లేరు, కూతురే కుండ పట్టుకొని ముందు నడిచింది. అంతా అయ్యాక కాళ్లు కడుక్కుంటున్న చోట నా పక్కకు వచ్చి, "అన్నా, ఆ చీటి అతికిచ్చినవా?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాను.

తల ఊపింది. చెంబు నా చేతికిచ్చి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

మరునాడు పొద్దున్నే మేడం దగ్గరికి పోయి కూర్చున్నాను. తాళాలు వచ్చేదాకా ఈ గదిలోంచి కదలను అన్నాను. ఆమె నన్ను చూసి, కుర్చీలోంచి లేచి, తానే స్టోరుకు నడిచారు. గురువారానికి ఒక్క బీరువా పట్టా విప్పించగలిగారు. కాక కూతురికి ఫోను చేశాను. మధ్యాహ్నం డ్యూటీకి పోయే దారిలో, నర్సు యూనిఫామ్‌లోనే వచ్చింది.

చీటీ నేనే రాయబోయాను. రెండుసార్లు పాడైంది. ఆమె నా చేతిలోంచి పెన్ను తీసుకున్నది. సేకరించినవారు అని రాసి, కింద తండ్రి పేరు ఇంటిపేరుతో సహా తెలుగులో, గుండ్రటి అక్షరాలతో రాసింది. పక్కన ఉద్యోగం రాయాలా అని మేడంను అడిగింది. రాయాలన్నారు. రాసింది.

జిగురు రాసి అతికించాం. కాగితాలు ఎగరకుండా మేడం ఫ్యాను ఆపేశారు. ఉక్కపోతగా ఉంది. బయట హాస్టల్ పిల్లలు ఏదో నోటిఫికేషన్ వచ్చిందని కేకలు వేసుకుంటూ లైబ్రరీ వైపు పోతున్నారు. మేము ముగ్గురం బల్ల చుట్టూ నిలబడి, జిగురు ఆరేదాకా చూస్తున్నాం. చీటీ మూల ఒకటి మాత్రం మాటిమాటికీ లేస్తోంది. డ్యూటీకి ఆలస్యమవుతుందని చెప్పాను. ఆమె వినలేదు. బొటనవేలితో ఆ మూలను అదిమి పట్టుకొని, అట్లాగే నిలబడింది.